ఒత్తులు మింగేసే మా తమ్ముడు

పోస్టు పొడవుగా ఉంటుంది, ఓపిక చేసుకోండి. మూడు రాత్రులు హాస్టల్ మేడ మీద కూర్చొని ఫోన్లోనే టైప్ చేశాం, తప్పులుంటే సర్దుకోండి. మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, జీవోలు, డీఎస్సీ గురించే రాసుకుంటాం. ఇది వాటి గురించి కాదు. ఇంటి దగ్గర మనం వదిలేసి వచ్చిన చిన్నోళ్ళ గురించి.

మేము అంటే ఒకే రూములో ఉండే ఆరుగురం. పాడేరు, హుకుంపేట, జి.కె.వీధి వైపు ఊళ్ళ నుంచి వచ్చి విశాఖలో డిగ్రీ చదువుతున్నాం. మా ఆరిళ్ళలోనూ కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టులో తమ్ముడు అంటే మాలో ఒకడి సొంత తమ్ముడు. ఎవరి తమ్ముడో రాయం. వాడు రేపు ఇది చదవగలిగే రోజు వస్తే, పేరు చూసుకొని సిగ్గు పడకూడదు. అందుకే "మా తమ్ముడు" అనే రాస్తాం, "మా అమ్మ, మా నాన్న" అనే రాస్తాం.

కిందటి ఏడాది ఆగస్టులో వాడు ఆశ్రమ పాఠశాల నుంచి మూడోసారి పారిపోయి వచ్చేశాడు. ఏడో తరగతి. బడికి, ఊరికి మధ్య రోడ్డు మీదైతే ఇరవై కిలోమీటర్ల పైనే. వాడు రోడ్డు మీద రాలేదు, దొరికిపోతానని కొండదారిన వచ్చాడు. వాన. రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తే అమ్మ దీపం పెట్టి కాళ్ళకి పట్టిన జలగలు తీసిందట. మర్నాడు సిగ్నల్ వచ్చే రాయి దగ్గరకు వెళ్ళి నాన్న ఫోన్ చేశాడు.

"ఆడికి సదువు ఎక్కదురా. మరి పంపను. కాఫీ పళ్ళు కోసుకుంటాడు, మిరియాలు కోసుకుంటాడు. బతకలేడా ఏటి?"

మాకు జవాబు రాలేదు. ఎందుకంటే నాన్న చెప్పింది అబద్ధం కాదు. వాడు బతుకుతాడు. వాడు బతకలేడని మాలో ఎవరికీ ఎప్పుడూ భయం లేదు. సంతలో మూడుముప్పావు కిలోల మిరియాలకి ఎంతవుతుందో షావుకారు క్యాలిక్యులేటర్ తీసేలోపే చెప్పేస్తాడు. ఊళ్ళో ఎవరి ఛార్జర్ పాడైనా వాడి దగ్గరకే వస్తుంది. మందలో ఏ మేక ఎప్పుడు ఈనిందో చెప్తాడు. కానీ తర్వాత అమ్మ ఫోన్ తీసుకొని ఒక్క మాట చెప్పింది. ఆ రాత్రి జలగలు తీస్తుంటే వాడు, "నాకు బుర్ర లేదమ్మా, అందరూ అదే అంటన్నారు, నిజమే కావాల" అన్నాడట. ఏడవలేదట. మామూలుగా చెప్పాడట.

ఆ మాట విన్నాక మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే "అందరూ" అన్నదాంట్లో మేమూ ఉన్నాం. మేము ఇంటర్ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు వాడికి చదువు చెప్తామని కూర్చోబెట్టేవాళ్ళం. వాడు "పుస్తకం" అని చూసి "పుసకం" అని చదివేవాడు. "అమ్మ" రాయమంటే "అమ". "కర్ర" రాయమంటే "కర". ఒత్తులన్నీ మింగేసేవాడు. పది నిమిషాల కింద చెప్పిన అక్షరం మళ్ళీ అడిగితే మొదటిసారి చూసినట్టు చూసేవాడు. మాకు కోపం వచ్చి వేళ్ళ మధ్య పెన్ను పెట్టి నొక్కాం. మాకు మాస్టార్లు ఏం చేశారో అదే చేశాం. దీన్ని రాయకుండా వదిలేద్దామని ఒకడు అన్నాడు. రాయాలనే అనుకున్నాం.

ఆ వారం రూములో వాడి గురించి మాట్లాడుకుంటుంటే ఒక్కొక్కరూ వాళ్ళ ఇంటి సంగతులు బయట పెట్టారు. ఒకడి మేనకోడలు ఐదో తరగతి, అల్లరి లేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది, ఏం అడిగినా "ఆ?" అంటుంది. ఇంకొకడి చిన్నాన్న కొడుకు ఒక చోట రెండు నిమిషాలు ఉండడు, మూడు నెలల్లో హాస్టల్లో రెండు ప్లేట్లు, ఒక దుప్పటి పోగొట్టాడు. మా తమ్ముడికి రెండూ ఉన్నాయి, అక్షరాలూ నిలవవు, ధ్యాసా నిలవదు. మాలో ఒకడు 2007లో వచ్చిన హిందీ సినిమా తారే జమీన్ పర్ ఫోన్లో పెట్టాడు. అందరం చూశాం. మధ్యలో ఎవరూ మాట్లాడలేదు. సినిమా అయ్యాక ఒకడు, "బాగుంది గానీ, మన ఆశ్రమ పాఠశాలకి ఆమిర్ ఖాన్ ఏ బస్సుకి వస్తాడు?" అన్నాడు. నవ్వుకున్నాం గానీ ప్రశ్న అదే. ఎవరిని అడగాలి? ఎక్కడికి వెళ్ళాలి?

వెంటనే ఒక గొడవ కూడా వచ్చింది. మాలో ఒకడు కోందు. ఇంట్లో కువి మాట్లాడతారు. వాడు ఒప్పుకోలేదు. "నన్ను కూడా మూడో తరగతి దాకా మొద్దు అన్నారు. టీచర్ కూర్చో అంటే నిలబడేవాడిని, పలక తియ్యి అంటే బయటికి పోయేవాడిని. నాకు బుర్ర లేకనా? తెలుగు రాక. ఇప్పుడు మీరు ఊరికెళ్ళి చదవలేని ప్రతి గుంటడికీ జబ్బు పేరు పెడతారా?" అన్నాడు.

వాడు చెప్పింది తీసిపారేసేది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది భాషల్లో బళ్ళు మొదలుపెట్టింది ఇందుకే కదా. కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా. వాడి బడికి కువి వచ్చిన వలంటీరు ఒకాయన వచ్చాక, అర్థమయ్యే భాషలో కథ చెప్పి తర్వాత తెలుగులోకి తీసుకెళ్తే, ఏడాదిలో చదవడం వచ్చేసింది. ఇప్పుడు బీఎస్సీ. భాష రాక వచ్చే ఇబ్బంది భాష వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. మా తమ్ముడి సంగతి అది కాదు. మాది భగత ఇల్లు, పుట్టినప్పటి నుంచి ఇంట్లో తెలుగే. నోటితో కథ చెప్పమంటే అరగంట చెప్తాడు. అదే కథ కాగితం మీద పెడితే రెండో వాక్యం మధ్యలోంచి నాలుగో వాక్యంలోకి దూకేస్తాడు. ఏడేళ్ళు బడికి వెళ్ళినా అక్కడే ఉన్నాడు. ఈ రెండింటికీ తేడా తెలుసుకోకుండా పేరు పెట్టేస్తే మన పిల్లలకి అన్యాయం. తేడా ఉందని తెలిసీ పట్టించుకోకపోయినా అన్యాయమే. కువి ఇంటి పిల్లకి రెండూ కలిసి కూడా ఉండొచ్చు, అప్పుడు ఇంకా కష్టం.

దసరా సెలవులకి అందరం కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాం. ఎవరిని అడగాలో అప్పటికీ సరిగ్గా తెలీదు. ముందు బడికి వెళ్ళాం. అక్కడ ఒక సారు, "మీరు చదువుకుంటున్నారు సంతోషం, వాడికి రాసి పెట్టలేదు, ఐటీఐకి పంపండి" అన్నారు. టెన్త్ లేకుండా మంచి ట్రేడు ఎవరిస్తారని అడగాలనిపించింది, అడగలేదు. ఇంకొక తెలుగు సారు మాత్రం బయటిదాకా వచ్చి, మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ మేడం ఉంటారు, కలవండి అన్నారు. ఆయన ఆ మాట చెప్పకపోతే ఈ పోస్టు లేదు.

భవిత కేంద్రం అంటే మనలో చాలామందికి నడవలేని పిల్లల కోసం, వినబడని పిల్లల కోసం అనే తెలుసు. మాకూ అంతే. అది సమగ్ర శిక్ష కింద నడుస్తుంది, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం శిక్షణ పొందిన టీచర్లు ఉంటారు. రెండు రాష్ట్రాల్లోనూ అదే పేరు. ఉట్నూరు, భద్రాచలం వైపు ఉన్న తమ్ముళ్ళు కూడా మీ మండలంలో ఎక్కడుందో అడగండి. అక్కడి మేడం మా తమ్ముడి నోటుబుక్ తిరగేసి, వాడితో పది నిమిషాలు మాట్లాడి, మమ్మల్ని ఒకటే అడిగారు: "కళ్ళు, చెవులు చూపించారా?"

చూపించలేదు. సినిమా చూసి పేరు పెట్టేశాం గానీ చెవి చూపించలేదు. చూపిస్తే ఎడమ చెవిలో పాత చీము, కర్ణభేరికి చిల్లు. కుడి చెవి బాగానే ఉంది. మందులు వాడితే చీము తగ్గింది. కళ్ళు బాగున్నాయి. చెవి వల్లే చదువు రాలేదని నాన్న సంబరపడ్డాడు. చెవి బాగయింది, ఒత్తులు మాత్రం రాలేదు. అప్పుడు మేడం, ఇప్పుడు సైకాలజిస్టు దగ్గరకు వెళ్ళొచ్చు అన్నారు. బళ్ళకి వచ్చే ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం ఉంటుంది, 2013లో మొదలైన పథకం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు. వాళ్ళు చూడాల్సిన లిస్టులో చదువులో వచ్చే లోపం, ధ్యాస నిలవని సమస్య కూడా ఉన్నాయి. మనం అడగాలి. మేము బడిలో ఉన్నప్పుడు వాళ్ళొస్తే బరువు చూసి, గోళ్ళు చూసి, నులిపురుగుల మాత్ర ఇస్తారనే అనుకునేవాళ్ళం.

విశాఖ ప్రయాణాలు మూడు. ఘాట్ దిగేటప్పుడు వాడికి వాంతులు. నాన్నకి ప్రతిసారీ రెండు రోజుల కూలి పోయింది. రాత్రి మా రూములోనే పడుకున్నారు, వార్డెన్ సార్ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మూడు ట్రిప్పులకీ కలిపి నాలుగు వేలు దాటింది. మెస్ డబ్బుల్లోంచి ఆరుగురం వేసుకున్నాం. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఏ ఇంటికైనా డబ్బు ఎక్కడ అవసరమో తెలియాలని రాస్తున్నాం. పరీక్షకి డబ్బు తీసుకోలేదు, పోయిందంతా దారికీ, తిండికీ.

సైకాలజిస్టు మేడం ముందు తెలివిని చూసే పరీక్ష చేశారు. దాంట్లో వాడు మామూలుగా ఉన్నాడు, రెండు చోట్ల మామూలు కంటే బాగా ఉన్నాడు. ఆ మాట నాన్నకి రెండుసార్లు చెప్పించుకున్నాం. తర్వాత చదవడం, రాయడం, లెక్కలు. ఇంట్లో ఏ భాష అని ముందే అడిగారు, అది మాకు నచ్చింది. చివరికి చెప్పింది ఇది: చదవడం, రాయడంలో నిర్దిష్ట అభ్యసన లోపం ఉంది, దానితోపాటు ధ్యాస నిలవని సమస్య ఏడీహెచ్‌డీ ఉంది. రెండూ కలిసి రావడం కొత్తేమీ కాదు. కన్నవాళ్ళ పెంపకం వల్ల వచ్చేది కాదు, బద్ధకం కాదు.

నాన్న అడిగింది ఒకటే. "మందు ఇవ్వరా అమ్మా?"

చదువు లోపానికి మాత్ర లేదు, నేర్పే పద్ధతి మార్చాలి. ధ్యాసకి కొందరు పిల్లలకి మందులు పనిచేస్తాయి, అవి డాక్టరు చూసి రాయాలి, ముందు బడిలో, ఇంట్లో మార్పులు చేసి చూద్దాం అన్నారు. ఛార్జర్ ముందు రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు కదా, మరి ధ్యాస లేదంటారేం అని మేము అడిగాం. ఊరంతా అనేది అదే, ఇష్టమైతే కూర్చుంటాడు, చదువంటేనే బద్ధకం. ఆవిడ చెప్పిన మాట గుర్తుండిపోయింది. ధ్యాస లేకపోవడం కాదట, ధ్యాసని కావాల్సిన చోటికి తిప్పడం వాడి చేతిలో ఉండకపోవడమట. బ్రేకులున్నాయి, స్టీరింగ్ గట్టిగా ఉంది అనుకోండి అన్నారు.

ఆ సాయంత్రం పాడేరు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. వంట్లమామిడి దాటేదాకా మాట లేదు. తర్వాత ముందు సీటు వైపు చూస్తూనే అన్నాడు. "ఆ యమ్మ ఈడికి సెప్పినయ్యన్నీ నాకూ ఉండీవి. అచ్చరాలు కళ్ళ ముందు ఆడీవి. మాస్టారు మోకాళ్ళ మీద నిలబెట్టీవోడు. మూడో తరగతిలో మానీసినాను." మా నాన్న సంతకం పెడతాడు. అది రాయడం కాదని, బొమ్మలా గీయడమని మాకు చిన్నప్పుడే తెలుసు. చదువుకోలేదు అని ఇన్నాళ్ళూ ఫారాల్లో నిరక్షరాస్యుడు అని రాసుకుంటూ వచ్చాం. ఇలాంటివి కుటుంబాల్లో పెద్దల నుంచి పిల్లలకి వస్తాయని మేడం పొద్దున చెప్పినప్పుడు మేము తలాడించి ఊరుకున్నాం. బస్సులో ఆయన పక్కన కూర్చున్నాక అర్థమైంది. తమ్ముడు ఆయన ఒళ్ళో తల పెట్టుకొని నిద్రపోతున్నాడు.

అమ్మ సంగతి వేరు. వాడు కడుపులో ఉండగా గ్రహణం రోజు బయటికొచ్చానని, అందుకే ఇలా పుట్టాడని పన్నెండేళ్ళుగా లోపల పెట్టుకొని ఉంది. దిసారి దగ్గరకు రెండుసార్లు తీసుకెళ్ళింది, కోడి ఇచ్చింది. మేము చదువుకున్నోళ్ళం కదా, కోపం వచ్చింది. కానీ నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాం. ఆ దిసారి పూజ చేసి పంపేటప్పుడు "గుంటడ్ని కొట్టకండి, బెదిరిపోతన్నాడు" అన్నాడట. బడిలో ఆ మాట ఎవరూ అనలేదు. మేమూ అనలేదు. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యా హక్కు చట్టంలో ఉంది, మన దగ్గర అది ఎంతమందికి తెలుసో మీకే తెలుసు.

ఇక సర్టిఫికెట్. దీని మీద మా రూములో తెల్లారేదాకా గొడవ. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇది లేదు. 2016 చట్టంలో 21 రకాలు పెట్టారు, దాంట్లో నిర్దిష్ట అభ్యసన లోపం ఉంది. ఏడీహెచ్‌డీ మాత్రం ఆ లిస్టులో విడిగా లేదు. మా తమ్ముడికి రెండూ ఉన్నాయి కాబట్టి మొదటి దాని కింద అడగొచ్చు. 40 శాతం, ఆ పైన తేలితే పరీక్షల్లో రాసి పెట్టే మనిషి, గంటకి కనీసం 20 నిమిషాల చొప్పున ఎక్కువ టైము ఇలాంటివి అడగడానికి దారి ఉంటుంది. మూడు గంటల పరీక్షకి ఒక గంట అన్నమాట. కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ లోపానికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే ఇవ్వాలని, మళ్ళీ 14 ఏళ్ళకి, 18 ఏళ్ళకి చూపించుకోవాలని ఉండేది. కాబట్టి ఒకటో తరగతి పిల్లని పట్టుకొని పరుగెత్తకండి.

గొడవ దీని మీద కాదు. మాలో ఒకడు అన్నాడు, "ట్రైబల్ అంటేనే బుర్ర తక్కువ అని మనకి ఒక ముద్ర ఉంది. కాలేజీలో మార్కులు తక్కువొస్తే ఒక రకంగా చూస్తారు, ఎక్కువొస్తే రిజర్వేషన్ అంటారు. దాని మీద ఇంకో ముద్ర మనమే కొట్టించుకోవాలా?" ఈ మాటకి మా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. అమ్మది ఇంకో భయం, వికలాంగుడని కాగితం ఉంటే రేపు పిల్లనెవరిస్తారని. నాన్న ఏం మాట్లాడలేదు. చివరికి తమ్ముడినే అడిగాం. వాడు కాసేపు ఆలోచించి, "ఆ కాగితం ఉంటే కొట్టరా?" అన్నాడు.

కాగితం తీసుకుందామని అప్పుడు అనుకున్నాం. అది పరీక్ష హాలు కోసం, ఊళ్ళో చూపించడానికి కాదు.

సదరం క్యాంపుకి స్లాట్ బుక్ చేసి తీసుకెళ్ళాం. అక్కడ లైన్లో కర్రలతో, చక్రాల కుర్చీలతో వచ్చిన పెద్దవాళ్ళ మధ్య వీడు నిలబడితే మాకే ఏదోలా అనిపించింది. టేబుల్ దగ్గర ఉన్నాయన పై నుంచి కింద దాకా చూసి, "కాళ్ళు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, దేనికొచ్చారు? పెన్షన్ కోసమా?" అన్నాడు. మేము ఫోన్లో చట్టం తీసి చూపించాం. చదివాడు. చదివాక గొంతు కొంచెం మారింది. "ఈ టెస్టు చూసే డాక్టరు ఈ రోజు లేరు, మళ్ళీ స్లాట్ పెట్టుకోండి" అన్నాడు. ఆ రోజు కూడా నాన్న కూలి పోయింది. వెళ్ళేవాళ్ళకి ఒక మాట: స్లాట్ పెట్టేముందే ఆ రోజు సైకాలజిస్టు ఉంటారో లేదో కనుక్కోండి, నోటుబుక్కులు రెండేళ్ళవి పట్టుకెళ్ళండి, చెవి, కళ్ళ రిపోర్టులు పట్టుకెళ్ళండి. తెలంగాణలో ఉన్నవాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని కేంద్ర సంస్థ ఉంది, 1984 నుంచి ఉంది. అది ముఖ్యంగా బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం, కానీ ఎక్కడ చూపించాలో అడగడానికి మంచి చోటు.

బడిలో మార్పు పెద్దగా రాలేదు, అలాగని రాలేదనీ అనలేం. ఆ తెలుగు సారు వాడిని మొదటి వరుసలో, కుడి చెవి ఆయన వైపు ఉండేలా కూర్చోబెట్టారు. ప్రశ్న నోటితో అడిగి నోటితోనే జవాబు తీసుకుంటున్నారు. బోర్డు మీదది రాసుకోకపోయినా ఊరుకుంటున్నారు, పక్క పిల్లాడి నోటుబుక్ సాయంత్రం ఇప్పిస్తున్నారు. మిగతా సార్లు అంతే, ఎప్పటిలాగే. భవిత మేడం వారానికి ఒక రోజు రమ్మన్నారు గానీ ఆశ్రమ పాఠశాల నుంచి మండలానికి పిల్లాడిని ఎవరు తీసుకెళ్తారు? అందుకే నెలకి ఒకసారి అవుతోంది. ఆవిడ ఇచ్చిన పని మాత్రం వాడికి నచ్చింది. ఇసుకలో వేలితో ఒత్తులు రాయడం, అక్షరానికి ఒక రంగు, ఒత్తుకి ఇంకో రంగు. ఒక్కసారి పది నిమిషాలే, తర్వాత లేచి తిరగొచ్చు.

మేము చేసేది ఒకటుంది. ఏడో తరగతి సోషల్, సైన్సు పాఠాలు మేమే చదివి ఫోన్లో రికార్డు చేసి మెమరీ కార్డులో వేసి పంపుతున్నాం. సిగ్నల్ లేదు కాబట్టి వాట్సాప్ కుదరదు. ఇంటికొచ్చినప్పుడు బ్లూటూత్ స్పీకర్లో పెట్టుకొని మేకలు కాస్తూ వింటాడు. మొదట పాఠాలన్నీ వరసగా పెడితే వినలేదు. ఇప్పుడు ఒక పాఠం, ఒక థింసా పాట, ఇంకో పాఠం, ఇంకో పాట పెడుతున్నాం. పాటల కోసం పాఠాలు వింటున్నాడని మాకు తెలుసు. వినని. సోషల్లో 20కి 9 వచ్చాయి. అంతకుముందు ఒకటీ రెండూ వచ్చేవి. చదవడం మాత్రం ఇంకా రెండో తరగతి పుస్తకం దగ్గరే ఉంది.

అమ్మ గురించి ఇంకొంచెం. సంత రోజు మిరియాలు అమ్మడానికి వచ్చినప్పుడు, మా రూమువాళ్ళ వదిన, అంటే ఆ కిటికీలోంచి చూస్తూ కూర్చునే పాప తల్లి, అమ్మని కలిసింది. మేమే కలిపాం. మొదటి వారం ఇద్దరూ ఏం మాట్లాడుకోలేదట, చింతచెట్టు కింద కూర్చొని టీ తాగి లేచారట. రెండో వారం ఆ వదిన, తనకీ పాపని కొట్టి తర్వాత రాత్రంతా ఏడుస్తానని చెప్పిందట. ఇప్పుడు నాలుగిళ్ళ వాళ్ళు వస్తున్నారు. పాప సంగతి ఎవరికీ ముందు కనబడలేదు, ఆడపిల్ల, అల్లరి చెయ్యదు, మంచి పిల్ల అన్నారు, అంతే. వాళ్ళు అక్కడ ఏం మాట్లాడుకుంటారో మాకు అమ్మ పూర్తిగా చెప్పదు. గ్రహణం మాట మాత్రం ఈ మధ్య తగ్గింది. ఒకసారి అమ్మ అన్నం మానేసి పడుకుంటే మాలో ఒకడు 14416కి ఫోన్ చేశాడు, టెలీ మానస్, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు అమ్మతో ఇరవై నిమిషాలు మాట్లాడారు. ఏం చెప్పారంటే, "నా మాట ఇన్నారు" అంది.

రెండో స్లాటు వచ్చే నెల దొరికింది. డాక్టరు ఉంటారని ఈసారి ముందే కనుక్కున్నాం. అది కాఫీ పళ్ళు కోసే రోజుల్లో పడింది, ఆ రోజుల్లో కూలి ఎక్కువ. నాన్న రాడేమో, మేమే ఇద్దరం కాలేజీ మానేసి వెళ్దాం అనుకున్నాం. నిన్న ఫోన్ చేశాడు. తనే వస్తాడట. మేము పరీక్షలు చూసుకోవాలట. తమ్ముడి పాత నోటుబుక్కులు అమ్మ బియ్యం డబ్బాలో దాచిందట, ఎలకలు కొట్టకుండా. ఫారంలో ఏ గళ్ళో ఏం రాయాలో మెమరీ కార్డులో చెప్పి పంపండి, రాసేవోళ్ళని పట్టుకొని రాయించుకుంటాను అన్నాడు. ఇవాళ రాత్రి అదే రికార్డు చేస్తున్నాం.